అంతర్జాలంలో ఒక అరుగు

పూర్వం తెలుగువారి ఇళ్లకు వీధివైపు అరుగులుండేవి. అరుగు ఇంటి యజమానిదే. అయినా దానిమీద కూర్చొనే చనువు దారిన పోయేవారందరికీ ఉండేది. ఎండన పడి వచ్చిన బాటసారి ఎవరినీ అడగకుండానే అక్కడ సేదతీరేవాడు. పురాణ కాలక్షేపం, ఊరి తగవులు, పిల్లలచేత ఓనమాలు దిద్దించే వీధిబడి అన్నీ ఆ అరుగులమీదనే సాగేవి. లాభాపేక్ష లేకుండా, సొంత ఖర్చుతో, తనకు ఇష్టమైన విషయాన్ని గురించి ఒక వ్యక్తి అంతర్జాలంలో నిర్మించుకొనే వెబ్‌సైటు కూడా ఇటువంటి అరుగే. కట్టినవాడు ఒకడు, కూర్చొనేవారు అనేకులు.

వ్యాపార సంస్థల సైట్లు, ప్రభుత్వ శాఖల సైట్లు వేరు. వాటికి నిధులుంటాయి, ఉద్యోగులుంటారు. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది అభిరుచికొద్దీ వెలసిన సైట్లను గురించి. తపాలా బిళ్లలు, పాత నాణేలు, పక్షులు, పద్యాలు, పల్లెపాటలు, ఆగిపోయిన గడియారాలను బాగుచేసే విధానం, ఇలా మనిషికి ఆసక్తి కలిగించే ప్రతి విషయంపైనా ఎవరో ఒకరు ఎక్కడో ఒక సైటు కట్టి ఉంటారు. ఇటువంటి నిర్మాణానికి ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ కాలంలో కొన్ని సైట్లు నిలిచాయి, లెక్కలేనన్ని నశించాయి. నిలిచినవి ఎందుకు నిలిచాయో, నశించినవి ఎందుకు నశించాయో పరిశీలిస్తే, కొత్తగా కట్టదలచినవారికి పనికివచ్చే సంగతులు చాలా తెలుస్తాయి.

'అంతర్జాలం' అనే మాట గురించి కొంచెం చెప్పుకోవాలి. సంస్కృతంలో జాలమంటే వల. కిటికీకి అమర్చే అల్లికను కూడా జాలమనే అంటారు. మాయ అనే అర్థమూ ఉంది. 'ఇంద్రజాలం'లో ఉన్నది అదే. ఆంగ్లపదానికి అనువాదంగా పుట్టిన ఈ మాటకు, మూలంలో లేని ఈ రెండు అర్థాలూ అయాచితంగా కలిసివచ్చాయి. కిటికీలాగా అది లోకాన్ని చూపుతుంది. మాయలాగా, నిన్న కనిపించినదాన్ని నేడు కనిపించకుండా చేస్తుంది.

స్విట్జర్లాండులోని జెనీవా నగరం దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అందులో పనిచేసిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో వరల్డ్ వైడ్ వెబ్‌ను ప్రతిపాదించాడు. శాస్త్రజ్ఞులు తమ పత్రాలను పరస్పరం చూసుకోవడానికి వీలుగా ఆయన దీనిని ఆలోచించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ పరిజ్ఞానాన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. ఆ ప్రకటన లేకపోతే సామాన్యుని సొంత సైటు అనేది పుట్టేదే కాదు.

వెబ్ పుటను రాయడానికి వాడే విధానాన్ని హెచ్.టి.ఎం.ఎల్. అంటారు. పేరు గంభీరంగా ఉన్నా విషయం తేలిక. మామూలు వాక్యాల మధ్య 'ఇది శీర్షిక', 'ఇది పేరా', 'ఇది మరొక పుటకు దారి' అని సూచించే చిన్న గుర్తులను ఉంచడమే ఆ విద్య. గణవిభజన నేర్చిన విద్యార్థికి ఇది ఏమంత కష్టం కాదు. పైగా, ఏ పుట వెనుక ఏ గుర్తులున్నాయో బ్రౌజరులోనే తెరచి చూడవచ్చు. తొలినాళ్ల అభిరుచిపరులలో చాలామంది గురువు లేకుండా, ఇతరుల పుటలను ఇలా విప్పి చూసుకొని నేర్చినవారే. ఏకలవ్యునికి విగ్రహమైనా ఎదుట ఉన్నది. వీరికి అదీ లేదు.

కాబట్టి కట్టడంలో కష్టం లేదు. ఏం కట్టాలి, కట్టినదాన్ని ఎలా నిలపాలి అన్నవే అసలు ప్రశ్నలు. ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. మీలో ఒక విద్యార్థిని ఉన్నది. ఆమె నాయనమ్మకు తిరుగలి పాటలు, దంపుడు పాటలు నలభై దాకా వచ్చు. ఇంట్లో తిరుగలి మూలపడి చాలాకాలమైంది. పాడే సందర్భమూ పోయింది. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. వాటిని రాసి, వీలైతే గొంతును రికార్డు చేసి, ఒక సైటులో ఉంచాలని ఆమె సంకల్పించిందనుకొందాం. ఈ పని చెడిపోతే పోయేది ఒక సైటు మాత్రమే కాదు.

ఇటువంటి సంకల్పం కలిగినవారు సాధారణంగా 'తెలుగు జానపద సాహిత్య సర్వస్వం' వంటి పెద్ద పేరు పెట్టి మొదలుపెడతారు. అది వద్దు. 'మా నాయనమ్మ పాడిన నలభై పాటలు' అన్నది సరైన పరిధి. జానపద సాహిత్యమంతటినీ చెప్పడానికి విశ్వవిద్యాలయాలున్నాయి. ఈ నాయనమ్మ పాటలను చెప్పగలిగింది ఈ మనుమరాలు మాత్రమే. చిన్న విషయాన్ని పూర్తిగా చేయడం వలన ఎంత ప్రయోజనం కలుగుతుందో చెప్పడానికి సినిమారంగం నుండి ఒక దృష్టాంతం ఉంది. కోల్ నీడమ్ అనే ఆంగ్లేయుడు బాల్యం నుండి తాను చూసిన చిత్రాల వివరాలను రాసి పెట్టుకొనేవాడు. నటీనటుల పేర్లను, దర్శకుల పేర్లను కొందరు అభిమానులు సరదాకు జాబితాలుగా కూర్చుతూ ఉంటే, 1990లో ఆయన వాటిని వెదకడానికి వీలైన రూపంలోకి తెచ్చాడు. 1993లో అది బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు మీద వెబ్‌లోకి ప్రవేశించింది. నేడు లోకమంతా సినిమా వివరాలకోసం చూసే ఐ.ఎం.డి.బి. అదే. 1998లో అమెజాన్ సంస్థ దానిని కొన్నది. అభిరుచి సైట్లన్నీ అమ్ముడుపోవాలని దీని తాత్పర్యం కాదు. ఎవరో అడుగుతారని కాక, తనకు కావలసి రాసిపెట్టుకొన్న జాబితా ఇతరులకూ కావలసినదైంది.

తొలినాటి సొంత సైట్లలో ఒక వింత కనిపించేది. తెరవగానే పార పట్టిన కూలివాని బొమ్మ, దానికింద 'నిర్మాణంలో ఉన్నది' అనే పలక, వచ్చినవారి సంఖ్యను చూపే మీటరు, మెరిసే నక్షత్రాలు, దానంతటదే మోగే సంగీతం. లోపలికి వెళితే చదవడానికి నాలుగు వాక్యాలు. పునాది వేయకముందే మామిడాకుల తోరణం కట్టినట్లన్నమాట. ఆ పలకలలో చాలా భాగం సైటు మూతపడేదాకా అలాగే ఉండిపోయాయి. పది పాటలు చక్కగా రాసి సిద్ధం చేసుకొన్న తరువాతే సైటు తెరవడం మంచిది. అలంకారం కావ్యానికి ప్రాణం కాదని మన లాక్షణికులలో కొందరు ఏనాడో వాదించారు.

ఇక తెలుగువారికి ప్రత్యేకించి ఎదురైన సమస్య లిపి. దీనిని కొంత వివరంగా తెలుసుకోవాలి. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆంగ్లాక్షరాలకు ఏ సంఖ్యలో మొదటినుండి ఒప్పందం ఉన్నది. తెలుగుకు అటువంటి ఒప్పందం చాలాకాలం వాడుకలోకి రాలేదు. అందువలన ఫాంటులు తయారుచేసినవారు ఒక ఉపాయం పన్నారు. ఆంగ్లాక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టు, కొమ్ము, గుడి, ఒత్తు మొదలైన ఆకారాలను కూర్చారు. చూడడానికి అది తెలుగే. కంప్యూటరు దృష్టిలో మాత్రం అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుస. చదివేవాని యంత్రంలో అదే ఫాంటు లేకపోతే తెలుగు పద్యం బదులు పిచ్చిగీతలు కనిపించేవి. ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క అమరిక ఉండడంచేత ఒకదానిలో రాసినది మరొకదానిలోకి మారేది కాదు. ఏ పదాన్నీ వెదకడానికి వీలుండేది కాదు.

ఈ ఇబ్బందిని దాటడానికి విదేశాలలోని తెలుగువారు ఎంతో శ్రమించారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద ఆర్.టి.ఎస్. అనే లిప్యంతరీకరణ పద్ధతి వెలసింది. తెలుగు మాటలను ఆంగ్లాక్షరాలతో ఒక నియమం ప్రకారం రాస్తే, కంప్యూటరు వాటిని తెలుగులోకి మార్చేది. 1998లో ప్రారంభమైన 'ఈమాట' అనే అంతర్జాల సాహిత్య పత్రికను నడిపినవారు కూడా ఇతర వృత్తులలో ఉంటూ తీరిక వేళలలో పనిచేసిన సాహిత్యాభిమానులే. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అనే పేర్లతో ఫాంటులు రూపొందించి ఉచితంగా పంచారు. వీరెవరూ జీతం తీసుకొని ఈ పని చేసినవారు కారు.

ప్రపంచ భాషలన్నింటికీ ఒకే సంఖ్యాక్రమాన్ని ఏర్పరచిన యూనికోడ్ ఈ సమస్యకు పరిష్కారమైంది. 1991లో వెలువడిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు స్థానం ఉన్నది. 3072 నుండి 3199 వరకు 128 గళ్లు తెలుగువి. అందులో 'అ'కు 3077, 'క'కు 3093. ఏ దేశంలో, ఏ యంత్రంలో తెరచినా 3093 అంటే 'క' అక్షరమే. అయితే కాగితంమీది ఒప్పందం సామాన్యుల కంప్యూటర్లకు చేరడానికి పదేళ్లు పట్టింది. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు చేరిన తరువాతే యూనికోడ్ తెలుగు క్రమంగా వ్యాపించింది. 'ఈమాట' వంటివి తమ పాత సంచికలను కొత్త లిపిలోకి మార్చుకొని నిలిచాయి. మార్చే ఓపిక లేకనో, నిర్వాహకులు మరణించినందువలననో మారని సైట్లలోని తెలుగు, ఈనాడు తెరచినా ఎవరూ చదవలేని స్థితిలో ఉన్నది. అక్షరాలు అక్కడే ఉన్నాయి, తెలుగు మాత్రం లేదు. శాసనాల లిపి మరచిపోవడానికి కొన్ని వందల ఏళ్లు పడుతుంది. ఈ మరుపుకు పదిహేనేళ్లు చాలాయి.

లిపికి వర్తించినదే బొమ్మలకు, ధ్వనులకు కూడా వర్తిస్తుంది. ఒకప్పుడు కదిలే బొమ్మలతో సైట్లు కట్టడానికి ఫ్లాష్ అనే పరిజ్ఞానాన్ని విరివిగా వాడేవారు. అది ఒక సంస్థ సొత్తు. ఆ సంస్థ 2020 డిసెంబరు 31తో దానికి స్వస్తి చెప్పింది. ఫ్లాష్‌తో కట్టిన పుటలు అంతటితో మూగపోయాయి. 1990లలో మామూలు హెచ్.టి.ఎం.ఎల్. గుర్తులతో రాసిన సాదా పుటలు మాత్రం నేటికీ తెరుచుకొంటున్నాయి. మన విద్యార్థిని తన పాటలను యూనికోడ్ తెలుగులో, సాదా పుటలలో రాసుకొంటే, చూపులకు అంత సొంపుగా ఉండకపోవచ్చు. ముప్పై ఏళ్ల తరువాత ఆమె మనుమరాలు చదవగలుగుతుంది.

సైటును ఏ స్థలంలో కట్టాలన్నది మరొక ప్రశ్న. దీనికి జియోసిటీస్ కథను మించిన సమాధానం లేదు. 1994లో అమెరికాలో డేవిడ్ బోనెట్, జాన్ రెజ్నర్ అనేవారు దీనిని ప్రారంభించారు. ఎవరికైనా ఉచితంగా స్థలమిచ్చి, సొంత పుటలు కట్టుకోమన్నారు. అందులో పేటలుండేవి. సినిమా అభిమానులకు హాలీవుడ్, తత్త్వశాస్త్రం, సాహిత్యం, విద్య ఇష్టపడేవారికి ఏథెన్స్, విజ్ఞానశాస్త్రానికి కేప్ కెనవరల్. ప్రతివారికీ ఒక పేట, ఒక ఇంటి నంబరు. నాకు ఈ ఏర్పాటు ముచ్చటగా తోస్తుంది. ఇరుగుపొరుగు అనే భావన అందులో ఉన్నది. 1999లో యాహూ సంస్థ దీనిని 350 కోట్ల డాలర్లకు పైబడిన విలువకు కొన్నది. పదేళ్లు గడిచాయి. జనం దృష్టి ఇతర వేదికలవైపు మళ్లింది. 2009 ఏప్రిల్‌లో మూసివేత ప్రకటన వచ్చింది. అక్టోబరు 26న ఆ మహానగరం తెరమరుగైంది. కోట్ల కొద్దీ పుటలు పోయాయి.

హెచ్చరిక ముందే వచ్చినా, కట్టినవారిలో ఎందరో దానిని చూడనేలేదు. కొందరు తమ పాత ఈమెయిలు చిరునామాలు మరచిపోయారు, కొందరు లోకంలోనే లేరు. జేసన్ స్కాట్ నాయకత్వంలో ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం ఆ ఆరునెలలలో వీలైనన్ని పుటలకు నకళ్లు తీసి, 2010లో అందరికీ అందుబాటులో ఉంచింది. ఇల్లు కాలుతున్నప్పుడు పరాయివారు వచ్చి సామాను బయట పడవేసినట్లయింది. ఇందులో యాహూను నిందించి ప్రయోజనం లేదు. స్థలం వారిది, మూసే హక్కు వారిది. ఉచిత స్థలంలో కట్టుకోవడం తప్పు కాదు కాని, కట్టినదాని ప్రతి ఒకటి తన దగ్గర లేకపోవడం ప్రమాదం. మన విద్యార్థిని తన పాటల ప్రతిని సొంత కంప్యూటరులో ఒకటి, విడిగా పెన్‌డ్రైవులో ఒకటి ఉంచుకోవాలి. కాగితంమీద అచ్చువేసి కళాశాల గ్రంథాలయానికి ఒక ప్రతి ఇస్తే మరీ మంచిది. ఏడాదికింత చెల్లించి సొంత చిరునామా తీసుకొంటే, ఒక స్థలం మూతపడినప్పుడు అదే చిరునామాతో మరొక స్థలానికి మారవచ్చు. ఆ చెల్లింపు ఒక ఏడు మరచిపోతే చిరునామా పరుల పాలవుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఈ నష్టం జియోసిటీస్‌కే పరిమితం కాదు. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పుటలలో 38 శాతం పదేళ్ల తరువాత అందుబాటులో లేవు. అంతెందుకు, ప్రపంచంలోని మొట్టమొదటి వెబ్‌సైటు తొలిరూపాన్నే ఎవరూ భద్రపరచలేదు. సెర్న్ 2013లో దానిని పాత చిరునామాలో పునరుద్ధరించాలని పూనుకొన్నప్పుడు దొరికింది 1992 నాటి ప్రతి మాత్రమే. బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ నాటినుండి పుటలకు నకళ్లు తీసి దాచుతున్నది. 2001 నుండి అవి అందరికీ కనిపిస్తున్నాయి. కావలసిన పుటను దాచమని మనమే దానిని కోరవచ్చు.

ప్రాచీన సాహిత్యం చదివినవారికి ఇది కొత్త విషయం కాదు. తాటాకుమీద ఘంటంతో గీసిన అక్షరం శాశ్వతం కాదు. చెద, చెమ్మ, పురుగు దానికి శత్రువులు. అయినా ఇన్ని వందల ఏళ్లనాటి కావ్యాలు మనకు అందాయంటే, తాటాకు గట్టిదై కాదు. పాతది శిథిలం కాకముందే ఎవరో ఒకరు మాతృక ముందు పెట్టుకొని పుత్రికను రాశారు. సి.పి. బ్రౌన్ పందొమ్మిదో శతాబ్దంలో పండితులను నియమించి చేయించినదీ ఈ పనే. ఒక్క ప్రతిగా మిగిలిన గ్రంథం పోయింది. పది ప్రతులైనది బతికింది. లేఖకులు ప్రతి చివర తమ పేరు, సంవత్సరం, తిథి రాసి, గ్రంథాన్ని నూనె తగలకుండా, నీరు తగలకుండా, కట్టు వదులు కాకుండా కాపాడుమని చదువరులను వేడుకొనేవారు. అలా రాయనివారి వలన మన సాహిత్య చరిత్రలో కవుల కాలాన్ని గురించి ఎన్ని వాదాలు చెలరేగాయో మీరు పై తరగతులలో తెలుసుకొంటారు.

అందుచేత ప్రతి పాట కిందా ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరివద్ద నేర్చారు, ఏ తేదీన రాసుకొన్నారు అన్న వివరాలుండాలి. నాయనమ్మ అనుమతి తీసుకోవడం మరవకూడదు. ఇంటి మనిషే కదా అనుకోరాదు. అచ్చయిన రచనలు చేర్చదలిస్తే చట్టాన్ని గమనించాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కులు వారసులకుంటాయి. గురజాడ 1915లో మరణించారు కనుక ఆయన రచనలకు అడ్డు లేదు. శ్రీశ్రీ 1983లో మరణించారు; ఆయన రచనలపై 2043 చివరిదాకా హక్కులుంటాయి. ఒకసారి పుటకు ఇచ్చిన చిరునామాను మార్చకపోవడం కూడా ఒక మర్యాద. బెర్నర్స్-లీ 1998లో దీనిమీద ప్రత్యేకించి ఒక వ్యాసమే రాశాడు. ఎవరో తమ పుస్తకంలో ఆ పాట చిరునామా పేర్కొని ఉంటారు. మనం మారిస్తే వారి పాఠకుడు ఖాళీ గుమ్మం ముందు నిలబడతాడు.

చివరకు మిగిలేది ఓపిక. మొదటి మూడు నెలల ఉత్సాహం నాలుగో నెలకు సన్నగిల్లడం సహజం. దీనిని ఒక ఆంగ్లేయుడు జయించిన తీరు ఆసక్తికరం. పదిహేడవ శతాబ్దంలో లండన్‌లో నౌకాదళ కార్యాలయంలో పనిచేసిన శామ్యూల్ పీప్స్ 1660 జనవరి 1 నుండి 1669 మే 31 వరకు సంక్షిప్త లిపిలో దినచర్య రాశాడు. 1665 నాటి మహామారి, 1666 నాటి లండన్ అగ్నిప్రమాదం అందులో కళ్లకు కట్టినట్లుంటాయి. ఫిల్ గైఫర్డ్ అనే ఆయన 2003 జనవరి 1న ఒక సైటు ప్రారంభించి, ఆ దినచర్యలో ఏ రోజు భాగాన్ని ఆ రోజు ప్రకటించసాగాడు. ఎంత పని ఉన్నదో, ఏనాడు ముగుస్తుందో మొదటి రోజే తెలుసు. రోజుకు ఒక పుట మాత్రమే. పాఠకులు ప్రతి రోజు భాగానికీ కింద వివరణలు చేర్చేవారు. ఒకరు నాటి నాణేల విలువ చెబితే మరొకరు ఒక వీధి ఎక్కడుండేదో చెప్పేవారు. మన కావ్యాలకు వ్యాఖ్యాతలు తరతరాలుగా చేసిన పనిని, పరస్పరం ముఖపరిచయం లేని పాఠకులు కలిసి చేశారు. 2012 మే 31న దినచర్య ముగిసింది. 2013 జనవరి 1న ఆయన మళ్లీ మొదటి పుట తెరిచాడు. అది 2022లో పూర్తి కాగా, 2023 జనవరి 1న మూడవ ఆవృత్తి మొదలైంది. ఆ లెక్కన పీప్స్ చివరి పుట మరల 2032 మే 31న రావలసి ఉన్నది.